నూలు, నిట్ బట్ట దిగుమతి: రెండు హెచ్‌ఎస్ కోడ్‌ల మధ్య ఏది ఎంచుకోవాలి?

హెచ్‌ఎస్ కోడ్ అంటే ఏ సరుకుకు ఎంత సుంకమో తేల్చడానికి కస్టమ్స్ వాడే నంబర్. సప్లయర్ ఇన్‌వాయిస్‌లో అది 6006 అని ఉంటుంది, బ్రోకర్ 6004 అంటాడు, అదే సరుకు తెప్పించుకునే తెలిసినవాళ్లను అడిగితే మూడో నంబర్ చెబుతారు. ముగ్గురూ నమ్మకంగానే చెబుతారు, టెన్షన్ మాత్రం మనకి. ఇలాంటప్పుడు చాలామంది సుంకం తక్కువున్న కోడ్ వైపు మొగ్గుతారు, లేదంటే పోయినసారి రాసిందే మళ్లీ రాసేస్తారు. దయచేసి రెండూ చేయకండి. టెక్స్‌టైల్ కోడ్‌లలో అభిప్రాయానికి చోటు చాలా తక్కువ. బరువు ఎంత, ఏ పీచు ఎంత శాతం, పోగు ఎంత లావు, ఎలా అల్లారు అన్న కొలతలే దాదాపు అన్నింటినీ తేల్చేస్తాయి. కష్టమంతా ఆ ప్రశ్నల్ని సరైన వరసలో వేసుకోవడంలోనే ఉంది.

ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే హార్మోనైజ్డ్ సిస్టమ్ (హెచ్‌ఎస్) 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు (రెండంకెలు చాప్టర్, నాలుగంకెలు హెడింగ్) దాన్ని పాటించే దేశాలన్నిటికీ ఒకటే, ఆ తర్వాతి అంకెలూ సుంకం రేట్లూ ఏ దేశానికి ఆ దేశం పెట్టుకునేవి. అందుకని ఇక్కడ ఆరు అంకెల వరకే మాట్లాడతాను. ఆరూ సరిగ్గా కుదిరితే మిగిలినవి మీ దేశపు పట్టికలో చూసుకోవడం పెద్ద పని కాదు. సరుకు పత్తి అయినా పాలిస్టర్ అయినా పట్టు అయినా వెతకాల్సింది 11వ సెక్షన్‌లో, అంటే 50 నుంచి 63 వరకున్న చాప్టర్లలో. పట్టు 50, ఉన్ని 51, పత్తి 52, నార లాంటి ఇతర మొక్కల పీచు 53, కృత్రిమ ఫిలమెంట్ అంటే తెగని పొడుగు పోగు 54, ముక్కలుగా కోసిన కృత్రిమ పీచు అంటే స్టేపుల్ 55, ప్రత్యేక నూలు రకాలు 56, పూత వేసినవి 59, నిట్ బట్ట 60.

కోడ్ వెతికే ముందు చేతిలో ఉండాల్సినవి

నూలైతే ఏ పీచు బరువులో ఎంత శాతం, అది ఫిలమెంటా స్టేపులా, ఒంటి పోగా లేక రెండు మూడు పోగులు కలిపి పురి వేసిందా, డెసిటెక్స్‌లో (10,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె) ఎంత లావు, దేనిమీద చుట్టారు, చుట్టతో సహా బరువెంత. బట్టైతే పైల్ (పైకి లేచిన లూపులు, నూగు) ఉందా, పూతగానీ పొరగానీ ఉందా, వెడల్పు 30 సెంటీమీటర్లు దాటిందా, సాగే పోగు (స్పాండెక్స్; ఎలాస్టేన్, లైక్రా అన్నా అదే) ఎంత శాతం, పడుగు అల్లికా (వార్ప్ నిట్) పేక అల్లికా (వెఫ్ట్ నిట్), తర్వాత పీచు, చివరికి రంగు. ఇవి లేకుండా "కాటన్ లైక్రా జెర్సీకి కోడ్ ఏంటి" అని అడిగితే ఎవరు చెప్పినా ఊహే. ఆర్డర్ పెట్టేటప్పుడే సప్లయర్‌తో ఇవన్నీ రాయించుకోండి, సరుకు పోర్టుకు చేరాక అడిగితే సమాధానం అంత తొందరగా రాదు.

నూలు: 52వ చాప్టరా, 55వదా?

మిశ్రమ నూలులో బరువు ఎక్కువున్న పీచుదే గెలుపు. పత్తి 60, పాలిస్టర్ స్టేపుల్ 40 అయితే పత్తి నూలు. పాలిస్టర్ 65, పత్తి 35 అయితే 55వ చాప్టర్, 5509.53. సరిగ్గా చెరి సగం ఉంటే? నంబర్ల వరసలో చివర వచ్చేదానికి పోతుంది, అంటే 55వ చాప్టర్‌కే. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

తడబడేది మూడు పీచులు కలిసినప్పుడు. పత్తి 40, పాలిస్టర్ స్టేపుల్ 30, విస్కోస్ స్టేపుల్ 30 అనుకోండి. అన్నిటికంటే ఎక్కువున్నది పత్తే కదా అని 52 రాసేస్తారు. తప్పు. ముందు చాప్టర్ తేల్చాలి, ఆ తర్వాతే హెడింగ్. పాలిస్టర్, విస్కోస్ రెండూ 55వ చాప్టర్ సరుకే కాబట్టి కలిపితే 60 శాతం, పత్తి ఓడిపోయింది. ఇక చాప్టర్ లోపల పాలిస్టర్‌కు 5509, విస్కోస్‌కు 5510, రెండూ సమానం కాబట్టి చివరిది, 5510. ఇంకో మెలిక కూడా ఉంది: 54, 55 చాప్టర్లు రెండూ వేరే చాప్టర్‌తో పోటీపడితే ఆ రెంటినీ ఒకే చాప్టర్‌గా లెక్కపెట్టాలి. పత్తి 45, పాలిస్టర్ ఫిలమెంట్ 30, విస్కోస్ స్టేపుల్ 25 అయితే 30, 25 కలిసి 55 అవుతాయి, పత్తి మళ్లీ ఓడిపోతుంది.

విస్కోస్, మోడాల్, లయోసెల్ గుజ్జు నుంచి వచ్చినవి కాబట్టి పత్తి పక్కన చేర్చాలనిపిస్తుంది కానీ చేర్చకూడదు. సహజ పాలిమర్‌ను కరిగించి తీసిన పీచుకు టారిఫ్‌లో (కస్టమ్స్ సుంకాల పట్టికలో) ఆర్టిఫిషియల్ అని పేరు, పాలిస్టర్, నైలాన్, యాక్రిలిక్ లాంటివి సింథటిక్. ఈ రెండూ 54, 55 చాప్టర్ల కిందకే వస్తాయి.

5205, 5206, ఆపైన కౌంట్ గీతలు

పత్తి నూలు అని తేలాక 85 శాతం గీత చూడాలి. పత్తి 85 లేదా అంతకు మించితే 5205, తగ్గితే 5206. దాని కింద కార్డెడా (పీచును దువ్వి వడికిందా) కోంబ్డా (ఇంకోసారి దువ్వి పొట్టి పీచు తీసేసిందా), ఒంటి పోగా జంట పోగులా, లావెంత అని విడిపోతుంది. మిల్లువాళ్లు ఇంగ్లిష్ కౌంట్‌లో (అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం) మాట్లాడతారు, టారిఫ్ డెసిటెక్స్‌లో మాట్లాడుతుంది. 5905ను కౌంట్‌తో భాగిస్తే డెసిటెక్స్ వచ్చేస్తుంది. ఫిలమెంట్‌కైతే డెనియర్‌ను 1.11తో గుణించాలి, 150 డెనియర్ అంటే దాదాపు 167 డెసిటెక్స్.

| ఒంటి పోగు, పత్తి 85 శాతం పైన | కార్డెడ్ | కోంబ్డ్ |
|---|---|---|
| 714.29 డెసిటెక్స్, అంతకు పైన | 5205.11 | 5205.21 |
| 232.56 నుంచి 714.29 లోపు | 5205.12 | 5205.22 |
| 192.31 నుంచి 232.56 లోపు | 5205.13 | 5205.23 |
| 125 నుంచి 192.31 లోపు | 5205.14 | 5205.24 |
| 125 లోపు | 5205.15 | 5205.26, 27, 28 |

20వ కౌంట్ అంటే 295 డెసిటెక్స్, రెండో వరసలో నిశ్చింతగా ఉంటుంది. 40వ కౌంట్ 148 దగ్గర, అదీ నిశ్చింతే. చిక్కంతా 30వ కౌంట్‌తో, నిట్ మిల్లుల్లో అందరూ వాడేది మళ్లీ అదే. లెక్క ప్రకారం 197 డెసిటెక్స్, గీత 192.31 దగ్గర. నూలు కాస్త సన్నగా వచ్చి 31వ కౌంట్‌లా తూగితే 190 చిల్లర అయి కోడ్ మారిపోతుంది. మీరు వరసగా 30వ కౌంట్ తెప్పించేవాళ్లయితే లాట్ వారీ టెస్ట్ రిపోర్ట్ ఫైల్‌లో పెట్టుకోండి. లేబుల్ మీద 30 అని ఉంది కదా అంటే ల్యాబ్‌లో తూచినవాళ్లు వినరు.

జంట పోగుల నూలుకు మొత్తం లావు కాదు, అందులోని ఒక్కో పోగు లావు చూడాలి. 30 కౌంట్ రెండు పోగులు కలిపిన కోంబ్డ్ నూలు 5205.43. మొత్తాన్ని 15 కౌంట్‌గా లెక్కేసి లావు నూలు వరసలో రాయడం తరచూ కనిపించే పొరపాటు.

కోన్లా, ఉండలా, కుట్టు దారమా?

చిల్లర అమ్మకానికి చుట్టిన నూలుకు వేరే హెడింగులు: పత్తికి 5207, ఉన్నికి 5109, కృత్రిమ ఫిలమెంట్‌కు 5406, కృత్రిమ స్టేపుల్‌కు 5511. దుకాణంలో అమ్ముతున్నామా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, చుట్టిన తీరూ బరువూ చూస్తారు. రీలు, గొట్టం, అట్ట లాంటివాటి మీదైతే వాటి బరువుతో సహా ఫిలమెంట్, పట్టు 85 గ్రాములు, మిగతావి 125 గ్రాములు దాటకూడదు. ఉండలు, చిలపల విషయంలో 3,000 డెసిటెక్స్ కంటే సన్నటి కృత్రిమ ఫిలమెంట్‌కూ పట్టుకూ 85 గ్రాములు, 2,000 కంటే సన్నటి ఇతర నూలుకు 125, అంతకంటే లావైతే 500 గ్రాముల దాకా చిల్లర కిందే. చేతి అల్లికకు వాడే 100 గ్రాముల ఉండలో 200 మీటర్లు ఉందంటే అది 5,000 డెసిటెక్స్, చిల్లరే. అదే 100 గ్రాముల నూలు శంకు ఆకారపు బాబిన్ మీద వస్తే మిల్లు వాడకానికన్న గుర్తు కాబట్టి చిల్లర కాదు. ఒంటి పోగు కూడా, ఉన్నీ మేలురకం జంతు రోమమూ తప్ప, ఎలా చుట్టినా చిల్లరలోకి రాదు.

కుట్టు దారం అనిపించుకోవాలంటే మూడు షరతులూ కలవాలి: ఒకటికంటే ఎక్కువ పోగులుండి చుట్టతో కలిపి 1,000 గ్రాములు దాటకపోవడం, కుట్టుకు పనికొచ్చేలా పైపూత ఇచ్చి ఉండడం, చివరి పురి జెడ్ వైపు ఉండడం. ఒక్కటి తప్పినా అది మామూలు నూలే, సంచి మీద ఎంత పెద్దగా కుట్టు దారం అని అచ్చేసినా సరే.

మరీ లావు నూలు అమ్మేవాళ్లు ఇంకో గీత గుర్తుపెట్టుకోవాలి. కృత్రిమ పీచు నూలు 10,000 డెసిటెక్స్ దాటితే, అంటే 100 గ్రాముల్లో 100 మీటర్లు కూడా రాకపోతే, అది టారిఫ్ దృష్టిలో నూలు కాదు, తాడు, 5607. పత్తికి ఆ గీత 20,000. ఉన్నికి లావును బట్టి ఇలా మారిపోవడం లేదు. అందుకే చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు లావు ఉండలు, ఒకటి యాక్రిలిక్ ఒకటి ఉన్ని, వేర్వేరు చాప్టర్లకు పోతాయి.

ఫ్యాన్సీ నూలు, ఫిలమెంట్ నూలు

షెనీల్ (చుట్టూ మెత్తటి నూగు లేచిన నూలు) అయితే ఏ పీచుదైనా, ఎంత లావైనా 5606, చర్చ అక్కర్లేదు. జరీ తళుకు కోసం లోహపు పట్టీ కలిపి పురి వేసింది 5605, లోహం ఎంత తక్కువున్నా అదే. సాగే నూలు దగ్గర ఆగి చూడండి: మధ్య పోగు తాను పురి తిరగకుండా, చుట్టూ వేరే పోగు స్ప్రింగ్‌లా చుట్టుకుని ఉంటే గింప్డ్ నూలు, 5606. స్పాండెక్స్ చుట్టూ పత్తి పీచును వడికేసిన కోర్‌స్పన్ రకం వేరు, అది మామూలుగా పీచును బట్టి 50 నుంచి 55 చాప్టర్లలోనే చూసుకోవాలి. విడి స్పాండెక్స్ పోగు 5402.44.

పాలిస్టర్ ఫిలమెంట్‌లో కొంతవరకే సాగదీసిన పీఓవై 5402.46, టెక్స్చర్ చేసిన (ముడతలు పెట్టి ఉబ్బించిన) డీటీవై 5402.33, పూర్తిగా సాగదీసిన మామూలు ఎఫ్‌డీవై 5402.47. ఎఫ్‌డీవైకి మీటరుకు 50 పురులు దాటితే 5402.52 అయిపోతుంది, బలం సెంటీన్యూటన్ పర్ టెక్స్‌లో ఒంటి పోగుకు 60 దాటితే హై టెనాసిటీ, 5402.20. ఈ పురుల సంఖ్య ఇన్‌వాయిస్‌లో ఎవరూ రాయరు, అడిగి రాయించుకోండి.

నిట్ బట్ట: వరస తప్పితే కోడ్ తప్పినట్టే

60వ చాప్టర్ చిన్నదే, ఆరే హెడింగులు, కానీ అవి ఒకదాన్ని ఒకటి మినహాయించుకుంటూ పోతాయి. కాబట్టి పైనుంచి కిందకే రావాలి. నేరుగా పీచు దగ్గర మొదలుపెట్టి "పత్తి, రంగు వేసింది, కాబట్టి 6006.22" అనడం వల్లే సగం తప్పులు వస్తున్నాయి.

| ప్రశ్న, ఈ వరసలోనే | అవును అయితే |
|---|---|
| పైల్ ఉందా? | 6001, ఇక ఆగిపోండి |
| కంటికి కనిపించే పూత, పొర ఉందా? | 59వ చాప్టర్ |
| 30 సెం.మీ. లోపు, సాగే పోగు 5 శాతం లేదా అంతకు పైనా? | 6002 |
| 30 సెం.మీ. లోపు, సాగేది అంత లేదా? | 6003 |
| 30 సెం.మీ. దాటి, సాగే పోగు 5 శాతం లేదా అంతకు పైనా? | 6004 |
| పడుగు అల్లికా? | 6005 |
| ఇవేవీ కాదా? | 6006 |

ముందు పైల్ సంగతి. వెలోర్, టెర్రీ, పొడుగు నూగు బట్టలు 6001. అందులో 10 శాతం స్పాండెక్స్ ఉన్నా 6004కు పోవు, వెనక పూత వేసినా 59కి పోవు. పైల్ బట్టలో పీచు శాతం లెక్కపెట్టేటప్పుడు అడుగు అల్లికను వదిలేసి పైల్‌ను మాత్రమే చూడాలి, ఇది ఎంతమందికి చెప్పినా ఆశ్చర్యపోతారు. అడుగున పాలిస్టర్ ఎంత ఉన్నా పైన లూపులు పత్తివైతే 6001.21. ల్యాబ్ వాళ్లు మొత్తం బట్టకు కలిపి శాతం ఇచ్చేస్తారు, కాబట్టి పైల్‌కు విడిగా ఇవ్వమని అడగండి. ఇక ఫ్లీస్. పైల్ కోసం వేరే పోగు వేసి అల్లారా, లేక మామూలు అల్లికను బ్రష్ చేసి నూగు తేల్చారా అన్నది మిల్లు నుంచి అల్లిక పటంతో సహా తెప్పించుకుంటే తప్ప చెప్పలేం. నూగు చూసి కోడ్ రాయకండి.

పూత విషయంలో కొలబద్ద కన్నే. పీయూ (పాలీయురెథేన్) పొర మామూలు కంటికి కనబడితే 5903.20, కనబడకపోతే అది పూత లేని నిట్ బట్టే. పూత వల్ల రంగు మారిందంటే అది లెక్కలోకి రాదు. రెండు బట్టల మధ్య పొర పెట్టి అతికించినవైతే సొంతంగా తేల్చే ప్రయత్నం మానేయండి, వాటికి కింద చెప్పబోయే ముందస్తు నిర్ణయమే దారి.

6004, 6006 తగవు

రోజూ వినిపించేది ఇదే. పత్తి 95, స్పాండెక్స్ 5 అయితే 6004.10. పత్తి 96, స్పాండెక్స్ 4 అయితే 6006.2 వరసలో ఒకటి. సరిగ్గా 5 ఉన్నా 6004 కిందే, ఎందుకంటే నిబంధనలో ఉన్నది 5 శాతం లేదా అంతకంటే ఎక్కువ అని. 6004.10లో ఆరు అంకెల దాకా పీచుతోగానీ రంగుతోగానీ పనిలేదు, అల్లిక పడుగుదా పేకదా అన్నదీ అక్కర్లేదు. 6006కు పోతే అవన్నీ మళ్లీ తేల్చాలి.

లేబుల్ మీద 95/5 అని గుండ్రంగా వేసుకుంటారు కానీ ల్యాబ్‌లో 4.6 రావచ్చు, 5.3 రావచ్చు. మీ దేశంలో రెండు కోడ్‌లకు సుంకం ఒకటే అయితే పెద్దగా నష్టం లేదు, వేరైతే మాత్రం ఆ అర శాతమే మొత్తం డబ్బు. నన్నడిగితే 5 గీత మీద నిలబడే బట్టను ఆర్డర్ చేయకుండా ఉండడమే మంచిది. వాడకానికి తేడా రాదనుకుంటే 3 అనో 7 అనో స్పెసిఫికేషన్ మార్చించండి, కస్టమ్స్‌కు రాసేది మాత్రం వచ్చిన బట్టలో నిజంగా ఎంతుందో అదే.

సాగే ప్రతిదీ సాగే పోగు కాదన్నది ఇంకో సంగతి. టారిఫ్ ప్రకారం అది సింథటిక్ ఫిలమెంట్ అయ్యుండాలి, టెక్స్చర్ చేసింది కాకూడదు, మూడింతలు లాగినా తెగకూడదు, రెండింతలు లాగి వదిలితే ఐదు నిమిషాల్లో అసలు పొడవుకు ఒకటిన్నర రెట్లకు మించకుండా తిరిగి రావాలి. మెకానికల్ స్ట్రెచ్ అని అమ్మే టెక్స్చర్డ్ పాలిస్టర్ ఈ పరీక్షలో ముందే పడిపోతుంది. బట్ట ఎంత సాగినా అది 6004 కాదు.

6005, 6006, ఆపైన పీచు, రంగు

జెర్సీ, ఇంటర్‌లాక్, రిబ్, పికే, పోంటే పేక అల్లికలు, 6006. ట్రైకాట్, రాషెల్ పడుగు అల్లికలు, 6005. అనుమానంగా ఉంటే ఒక కొసన పోగు పట్టి లాగండి. పేక అల్లిక అడ్డంగా వరస వరసే ఊడొస్తుంది, పడుగు అల్లిక అలా ఊడదు. ఇది మొదటి అంచనాకు పనికొస్తుంది, చివరి మాట మిల్లు యంత్రం వివరాలదే.

పీచు తేల్చడానికి నూలుకు చెప్పిన లెక్కే ఇక్కడా. పత్తి 45, పాలిస్టర్ 30, విస్కోస్ 25 ఉన్న జెర్సీలో పత్తే ఎక్కువ, అయినా బట్ట సింథటిక్ వరసకు, 6006.3కు పోతుంది. ట్రైబ్లెండ్ తెప్పించేవాళ్లు దీన్ని గోడకు అంటించుకోవాలి.

రంగులో పట్టుబడేది మెలాంజ్. గ్రే మెలాంజ్ జెర్సీ ఒకే రంగు బట్టలా కనబడుతుంది కాబట్టి డైడ్ అని రాస్తారు. కానీ వేర్వేరు రంగుల పీచు కలిపి వడికిన నూలుతో అల్లిన బట్ట టారిఫ్‌లో "వేర్వేరు రంగుల నూలు" కిందకు వస్తుంది. పత్తిదైతే 6006.23, 6006.22 కాదు. చారల బట్ట కూడా ఇక్కడికే. దానిమీద అచ్చు వేస్తే మాత్రం అచ్చుదే పైచేయి, 6006.24.

కాలర్లు, కఫ్‌లు ముక్కలుగా ఆకారానికి అల్లినవైతే, విడగొట్టే దారంతో పొడుగ్గా ఒకే బారున వచ్చినా సరే, అవి బట్ట కాదు, దుస్తుల భాగాలు, 6117.90. చుట్టగా వచ్చిన రిబ్‌ను మీరు కోసుకునేదైతే బట్టే.

ఎవరి మాట మీద వెళ్లాలి?

సప్లయర్ కోడ్ మొదటి సూచనగా బాగానే ఉంటుంది. కాకపోతే అది ఏ కాలపు పట్టికదో చూడండి. 2002కు ముందు పైల్ లేని నిట్ బట్ట అంతా 6002లోనే ఉండేది, 6003 నుంచి 6006 తర్వాత వచ్చినవి. 2017లో 6005.31 నుంచి 34 దాకా పోయి 6005.35 నుంచి 39 వచ్చాయి. ఇప్పటికీ ఎవరైనా 6005.32 అని పంపితే ఆ ఫైల్ మొత్తాన్ని మళ్లీ చూడాల్సిందే. ఇప్పుడు నడుస్తున్నది 2022 కూర్పు, తర్వాతిది 2028 జనవరి 1 నుంచి.

ఏడాదికి కొన్ని చిన్న కన్‌సైన్‌మెంట్‌లు, ఒక్కోసారి ఒక్కో డిజైన్ తెప్పించే వ్యాపారికి టెక్స్‌టైల్ తెలిసిన బ్రోకర్, గీత దగ్గరున్న సరుకుకు మాత్రం ల్యాబ్ టెస్ట్ సరిపోతుంది. ప్రతి లాట్‌కూ టెస్ట్ చేయించడం దండగ: స్పాండెక్స్ 12 శాతం ఉన్న ట్రైకాట్‌కు ల్యాబ్ కొత్తగా చెప్పేదేం లేదు, 5 శాతం జెర్సీకి మాత్రం ఆ రిపోర్టే సర్వస్వం.

ఒకే సరుకును నెలనెలా తెప్పించే మిల్లుకు, బట్ట తెచ్చి దుస్తులు కుట్టి వాణిజ్య ఒప్పందం కింద రాయితీతో ఎగుమతి చేసేవాళ్లకు నేను ముందస్తు నిర్ణయమే చెబుతాను. సరుకు రాకముందే కస్టమ్స్‌ను అడిగి రాతపూర్వకంగా కోడ్ తెచ్చుకునే ఏర్పాటు ఇది, 2017 ఫిబ్రవరి 22న అమల్లోకొచ్చిన డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) వాణిజ్య సౌలభ్య ఒప్పందం మూడో అధికరణలో ఉంది. నిర్ణయం రావడానికి సమయం పడుతుంది, వచ్చిన కోడ్ మీకు నచ్చకపోవచ్చు, నచ్చకపోయినా అది మిమ్మల్ని కట్టేయవచ్చు. ఈ మూడూ ఇబ్బందులే. అయినా ఎగుమతిదారుకు బట్ట కోడ్ తప్పితే సుంకం తేడాతో ఆగదు, దుస్తుల మూలం (ఏ దేశపు సరుకన్నది) లెక్క కూడా తారుమారు కావచ్చు. అందుకే వాళ్లకు ఆ ఆలస్యం భరించదగినదే అంటాను.

ఏ దారిన వెళ్లినా ఇన్‌వాయిస్‌లో "నిట్ ఫ్యాబ్రిక్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. "పేక అల్లిక సింగిల్ జెర్సీ, పత్తి 96 శాతం, ఎలాస్టేన్ 4 శాతం, మెలాంజ్ నూలు, పైల్ లేదు, పూత లేదు, వెడల్పు 180 సెం.మీ." అని రాయించండి, అదే లాట్ నుంచి ఒక మీటరు ముక్క కోసి తేదీ వేసి దాచుకోండి.